బంతి వెంట పడిన చూపు

2014 ఏప్రిల్ 6, ఆదివారం. మీరు బ్రెజిల్‌లో, రియో డి జనీరో నగరం నడిబొడ్డున, కాండెలారియా చర్చి ముందు ఉన్నారు. వారమంతా బస్సులతో, బ్యాంకు ఉద్యోగులతో కిటకిటలాడే ప్రెసిడెంట్ వర్గాస్ రోడ్డు సెలవు రోజు కావడంతో బోసిపోయి ఉంది. చుట్టూ ఆఫీసు మేడలు తలుపులు మూసుకున్నాయి. ఇవాళ ఈ ఊళ్లో ఒక ఫుట్‌బాల్ ఫైనల్ ఉంది. వీధి పిల్లల ప్రపంచ కప్ ఫైనల్. మీరు బయల్దేరింది ఆ మ్యాచ్ కోసమే. అయితే ముందు ఇక్కడ ఆగండి. కాళ్ల దగ్గరకి చూడండి.

రాళ్లు పరిచిన నేల మీద ఎర్ర రంగుతో మనుషుల ఆకారాలు గీసి ఉన్నాయి. పడిపోయిన ఒళ్లు, చాచిన చేతులు, ముడుచుకున్న కాళ్లు. లెక్కపెట్టండి, ఎనిమిది. పక్కనే ఒక కొయ్య శిలువ, దాని మీద పేర్లు. 1993 జూలై 23 రాత్రి ఈ చర్చి చుట్టుపక్కల పదుల మంది పిల్లలు ఎప్పటిలాగే పడుకుని ఉన్నారు. ఇల్లు లేని పిల్లలు. ఆ రాత్రి కార్లు వచ్చి ఆగాయి. దిగినవాళ్లు నిద్రపోతున్న పిల్లల మీద కాల్పులు జరిపారు. ఎనిమిది మంది పోయారు. అందరిలోకి చిన్నవాడికి 11 ఏళ్లు. కాల్చింది పోలీసులేనని తర్వాత తేలింది, కొందరికి శిక్షలు పడ్డాయి.

పిల్లల హక్కుల కోసం బ్రెజిల్ చేసుకున్న చట్టం చాలా గొప్పదని అప్పటికే ప్రపంచమంతా మెచ్చుకుంది. 1990 జూలైలో వచ్చింది ఆ చట్టం. దానికి మూడేళ్లు నిండిన కొద్ది రోజులకే ఈ నేల మీద నెత్తురు పారింది. చట్టం పుస్తకంలో ఉంది, పిల్లలు వీధిలో ఉన్నారు. మధ్యలో ఊరు ఉంది. ఆ ఊళ్లో కొందరు రేడియోలకు ఫోన్లు చేసి, ఆ పోలీసులు చేసింది మంచి పనేనన్నారు. తుపాకీ పేల్చింది కొందరే. కానీ ఆ పిల్లల్ని మనుషుల లెక్కలోంచి కొట్టేసే పని ఊరు అంతకు ముందే చేసిపెట్టింది.

ఆ రాత్రి ప్రాణాలతో బయటపడ్డ వాళ్లలో సాండ్రో అనే కుర్రాడున్నాడు. ఏడేళ్ల తర్వాత, 2000 జూన్ 12న, అతను తుపాకీ పట్టుకుని 174 నంబరు సిటీ బస్సెక్కి ప్రయాణికుల్ని బందీలుగా పట్టుకున్నాడు. టీవీ కెమెరాలు బస్సును చుట్టుముట్టాయి. గంటల తరబడి దేశమంతా ఆ కిటికీనే చూసింది. చివరికి ఒక యువతి ప్రాణం పోయింది. పోలీసు బండిలోకి ఎక్కించాక ఊపిరాడకుండా చేయడంతో సాండ్రో కూడా చనిపోయాడు. చిన్నప్పుడు రోడ్డు మీద చెయ్యి చాచినన్నాళ్లు ఎవరి కంటా పడని మనిషి, తుపాకీ పట్టాక కోట్ల కళ్లకు ఒకేసారి కనిపించాడు.

ఈ సంగతి మనసులో ఉంచుకుని కదలండి. రెండు సందులు దాటితే ఉరుగ్వాయానా మెట్రో స్టేషన్. రైల్లో కూర్చున్నారు. కరియోకా, సినెలాండియా, గ్లోరియా, కాటేటె. పెట్టెలో మీ ఎదురుగా ఉన్నవాళ్లు జూన్‌లో మొదలయ్యే పెద్దల ప్రపంచ కప్ గురించి మాట్లాడుకుంటున్నారు. ఊరంతా దానికోసమే ముస్తాబవుతోంది. కోట్లు గుమ్మరించి మారకానా స్టేడియాన్ని సరికొత్తగా కట్టారు. నిన్న, ఏప్రిల్ 5న, లక్ష మందికి పైగా పేదలు నివసించే మారే బస్తీల్లోకి సైన్యం దిగింది. అతిథులు వచ్చేలోగా శాంతిభద్రతలు చక్కబెట్టాలన్నది ప్రభుత్వం మాట. పెళ్లివారొస్తున్నారంటే ఇంట్లో పాత సామాన్లు అటక మీదికి చేరినట్టు, పెద్ద పండగ వస్తుందంటే చాలు, నగరాలకి తమ పేదలు అడ్డుగా కనిపిస్తారు.

నాలుగేళ్ల కింద దక్షిణాఫ్రికాలోనూ ఇదే జరిగింది. 2010 ప్రపంచ కప్‌కి ముందు డర్బన్ నగరంలో వీధి పిల్లల్ని పోలీసులు బండ్లలో ఎక్కించుకుని ఊరి బయట వదిలేసి వస్తున్నారని అక్కడి స్వచ్ఛంద సంస్థలు గొంతెత్తాయి. ఆ ఏడాది మార్చిలో అదే డర్బన్‌లో, అలాంటి పిల్లలే ఆటగాళ్లుగా మొట్టమొదటి వీధి పిల్లల ప్రపంచ కప్ జరిగింది. ఏ ఊరు తమలాంటి వాళ్లను కనబడకుండా చేయాలనుకుందో ఆ ఊళ్లోనే మైదానం మధ్యకు వచ్చి నిలబడ్డారు. ఆ కప్ గెలిచింది మన దేశం పిల్లలు. ఫైనల్లో వాళ్ల చేతిలో ఓడింది టాంజానియా. ఈ మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ అవసరం పడుతుంది.

లార్గో డో మషాడో స్టేషన్లో దిగి నడవండి. చెట్ల నీడన పాత బంగళాలు, ఇంకొంచెం పైకి వెళితే రాష్ట్ర ప్రభుత్వ భవనం, దాన్ని ఆనుకుని లారంజీరాస్ మైదానం. ఫ్లుమినెన్సే క్లబ్బుది. బ్రెజిల్ జాతీయ జట్టు తన మొట్టమొదటి మ్యాచ్ ఆడింది ఈ మైదానంలోనే, 1914 జూలైలో, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎక్సెటర్ సిటీ క్లబ్బు మీద. 2-0తో గెలిచింది. పసుపు చొక్కా ఇంకా పుట్టని రోజులవి. త్వరలో దానికి నూరేళ్లు నిండుతాయి.

ఆ ఏడాదికే ముడిపడిన మరో కథ ఈ క్లబ్బు వాళ్లంతా చెప్పుకుంటారు. అప్పట్లో ఇది సంపన్న తెల్లవాళ్ల క్లబ్బు. కార్లోస్ అల్బెర్టో అనే మిశ్రమ జాతి ఆటగాడు జట్టులోకి వచ్చాడు. మ్యాచ్‌కి ముందు అతను ముఖానికి బియ్యప్పిండి పౌడరు రాసుకునేవాడట. ఆట సాగే కొద్దీ చెమట పట్టి పౌడరు కారిపోతుంటే, అవతలి జట్టు అభిమానులు ‘బియ్యప్పిండి, బియ్యప్పిండి’ అని గేలి చేసేవారట. ఆ ఎగతాళినే ఫ్లుమినెన్సే అభిమానులు తర్వాత తమ గుర్తుగా చేసుకున్నారు. ఇప్పటికీ జట్టు మైదానంలోకి వస్తుంటే స్టాండ్లలోంచి తెల్లటి పొడి చల్లుతారు. ఎదుటివాళ్ల కళ్లకు ఆనేందుకు ఒక మనిషి తన ముఖాన్నే కప్పుకోవాల్సి వచ్చిందని చెప్పుకునే క్లబ్బు ఇది. అక్కడికి ఇవాళ వీధి పిల్లలు వస్తున్నారు, ముఖాలకు ఏ పూతా లేకుండా.

లోపలికి వచ్చి కూర్చోండి. ఈ టోర్నీకి 19 దేశాల నుంచి రెండు వందల మందికి పైగా పిల్లలు వచ్చారు. అందరూ పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లే. వీళ్లలో చాలామందికి ఇదే మొదటి విమాన ప్రయాణం. దాని వెనక ఇంకో విషయం ఉంది. విమానం ఎక్కాలంటే పాస్‌పోర్టు ఉండాలి. పాస్‌పోర్టు కావాలంటే పుట్టిన తేదీ రుజువు కావాలి. రైల్వే ప్లాట్‌ఫారం మీద, బస్టాండు మూలన, చెత్తకుప్పల దగ్గర పెరిగిన పిల్లవాడికి ఆ కాగితం ఎక్కడిది?

ఆ దరఖాస్తును ఒకసారి మీ చేతిలోకి తీసుకోండి. పేరు. ఊళ్లో అందరూ పిలిచే ముద్దుపేరు పనికిరాదు, పూర్తి పేరు రాయాలి. తండ్రి పేరు. ఆయన ఎక్కడున్నాడో తెలియదు. తల్లి పేరు. అమ్మ అనే తెలుసు, కాగితం మీద ఏం రాయాలో తెలియదు. పుట్టిన ఊరు. తెలియదు. శాశ్వత చిరునామా. ఆ గడి ముందు పెన్ను అసలే కదలదు. ఫుట్‌బాల్ జట్టును నడిపే సంస్థలవాళ్లు ఒక్కో పిల్లవాడి కోసం ఆసుపత్రుల చుట్టూ, పంచాయతీల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరుగుతారు. చివరికి ఒక రోజు ఆ ముద్ర పడిన కాగితం వస్తుంది. ఆ క్షణం నుంచి ఆ పిల్లవాడు ఫలానా దేశ పౌరుడు. బడిలో చేరొచ్చు, ఆసుపత్రిలో పేరు రాయించుకోవచ్చు, రేపు ఉద్యోగం అడగొచ్చు. కప్పు ఏ జట్టు గెలిచినా సరే, ఆ కాగితం అందుకున్న ప్రతి బిడ్డా మ్యాచ్ మొదలవకముందే గెలిచినట్టే.

జట్లు వచ్చేశాయి. ఒకవైపు టాంజానియా. విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న మ్వాంజా పట్టణం పిల్లలు. మరోవైపు దాని పక్క దేశం బురుండి. 1993లో మొదలైన అంతర్యుద్ధం బురుండిని పన్నెండేళ్లు కాల్చింది. లక్షల మంది ప్రాణాలు చేత పట్టుకుని సరిహద్దు దాటి టాంజానియా శిబిరాల్లో తలదాచుకున్నారు. ఇవాళ మైదానంలో ఉన్న బురుండి పిల్లలు ఆ యుద్ధం నడిచిన ఏళ్లలో పుట్టినవాళ్లు. నాలుగేళ్ల కింద డర్బన్ ఫైనల్లో ఓడిన దేశం మళ్లీ ఫైనల్‌కి వచ్చింది. పిల్లలు మారారు, ఆ బాకీ మాత్రం అలాగే ఉంది.

విజిల్ మోగింది. మొదటి కొన్ని నిమిషాలు మిమ్మల్ని మీరు గమనించుకోండి. బంతి ఎటు పోతున్నా మీ కళ్లు పిల్లల మోకాళ్ల మీది పాత మచ్చల దగ్గరే ఆగుతున్నాయి. వీడు ఎక్కడ పడుకునేవాడో, ఏం తినేవాడో, ఎవరు కొట్టారో అని మనసు కథలు అల్లుతోంది. గొంతులో ఏదో అడ్డుపడుతోంది. పక్కన కూర్చున్నావిడ కళ్లు తుడుచుకుంటోంది. అందరికీ మంచి మనసే. కానీ ఎవరూ ఇంకా ఆట చూడటం లేదు.

అంతలో ఒక కుర్రాడు కుడివైపు నుంచి బంతి తీసుకుని దూసుకొచ్చాడు. ఒకరిని తప్పించాడు, ఇంకొకరి కాళ్ల సందులోంచి బంతి పోనిచ్చాడు. ముందు గోల్‌కీపర్ ఒక్కడే. ఎడమ పక్కన తోటివాడు ఖాళీగా ఉన్నాడు, చెయ్యెత్తి అరుస్తున్నాడు. ఇవ్వాలి కదా? ఇవ్వలేదు. తానే బలంగా తన్నాడు. బంతి గోల్ బార్ పైనుంచి ఆకాశంలోకి పోయింది. మీరు సీట్లోంచి లేచి నెత్తి కొట్టుకుని, ‘అరే, పాస్ ఇవ్వొద్దట్రా!’ అని అరిచారు. కళ్లు తుడుచుకున్నావిడ కూడా పోర్చుగీసులో అదే మాటేదో అంటోంది.

ఈ మ్యాచ్‌లో మీకు జరగాల్సింది జరిగిపోయింది. జాలిపడే వాడి మీద మనకు అలాంటి కోపం రాదు. సాటివాడనుకున్నప్పుడే వస్తుంది. ఆ అబ్బాయి ఇప్పుడు మీకు అనాథ కాదు, బిచ్చగాడు కాదు, రేపటి దొంగ కాదు. పాస్ ఇవ్వని స్ట్రైకర్. తిరిగి పరిగెత్తుకుంటూ వెళ్తూ తోటివాడి వైపు చూసి చెయ్యెత్తాడు, తప్పు నాదేనన్నట్టు. తోటివాడు వీపు మీద తట్టాడు. వాళ్లిద్దరికీ ఇందులో వింతేమీ లేదు. వాళ్లు మొదటి నుంచీ ఆటగాళ్లే. మారింది చూసే మనం.

వీధి ఫుట్‌బాల్ చేసే పని ఇదే. ప్రసంగాలు, పోస్టర్లు, చందా పెట్టెలు ఎన్నేళ్లుగానో మనలో జాలిని లేపుతున్నాయి. జాలి మంచిదే, కానీ అది పైనుంచి కిందికి చూస్తుంది. బంతి ఆ చూపును నేల మీదికి దించి సమం చేస్తుంది. నైపుణ్యం కనిపించాక, వ్యూహం కనిపించాక, ఓడిపోతున్నా పోరాడే పట్టుదల కనిపించాక ఆ పిల్లవాణ్ణి మళ్లీ వీధి మూలన పారేసిన వస్తువులా చూడటం ఎవరి వల్లా కాదు.

ఈ టోర్నీలోనే ఇంకొన్ని సంగతులు. మన జట్టు ఒక మ్యాచ్‌లో పాకిస్తాన్ చేతిలో 13-0తో ఓడింది. మనసు చివుక్కుమంటుంది, నిజమే. కానీ ఆ గెలిచిన పిల్లలెవరు? కరాచీ వీధుల్లో పెరిగినవాళ్లు. మూడో స్థానంతో ఇంటికి వెళ్తే, ఏ ఊళ్లో వాళ్లని అదిలించి తరిమేవారో ఆ ఊళ్లోనే దండలతో, డప్పులతో స్వాగతం పలికారు. అమ్మాయిలకు ప్రత్యేకంగా కప్పు పెట్టడం ఈసారే మొదలు. ఫైనల్లో బ్రెజిల్ 1-0తో ఫిలిప్పీన్స్ మీద గెలిచింది. బ్రెజిల్‌లో ఆడవాళ్లు ఫుట్‌బాల్ ఆడకూడదని 1941లో ప్రభుత్వమే నిషేధం పెట్టింది. 1979 దాకా అది ఎత్తేయలేదు. ఆ దేశంలో ఇల్లు, భద్రత లేని ఆడపిల్లలు కప్పు ఎత్తారంటే, వాళ్లు ఒకేసారి రెండు గోడలు దూకారన్నమాట.

ఇంకొక అబ్బాయి గురించి కూడా చెప్పుకోవాలి. ఈశాన్య బ్రెజిల్‌లోని ఫోర్తలేజా నగరం వాడు. బ్రెజిల్ అబ్బాయిల జట్టులో ఉండాల్సినవాడు. టోర్నీకి కొన్ని వారాల ముందు అతన్ని కాల్చి చంపేశారు. వయసు 14. అతను లేకుండానే జట్టు ఆడింది. బంతి అన్నీ చేయగలదని నమ్మే వాళ్లం ఈ ఒక్క చావు ముందు ఆగి ఆలోచించాలి. జెర్సీ తూటాను ఆపదు. మైదానంలో చప్పట్లు కొట్టిన చేతులే మర్నాడు ఆ పిల్లలకు ఇల్లు, బడి, భద్రత ఇవ్వాలి. లేకపోతే ఆ చప్పట్లకు అర్థం లేదు.

అందుకే ఈ టోర్నీలో ఆటతో పాటు పిల్లల సభ కూడా జరుగుతుంది. బూట్లు విప్పేసి గుండ్రంగా కూర్చుని, దుబాసీల సాయంతో దేశదేశాల పిల్లలు తమకేం కావాలో తామే చెబుతారు. మమ్మల్ని కొట్టొద్దు. మాకు గుర్తింపు కాగితాలు ఇవ్వండి. మమ్మల్ని చదివించండి. మా గురించి నిర్ణయాలు తీసుకునేటప్పుడు మమ్మల్ని అడగండి. తర్వాత 2017లో ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల కమిటీ వీధుల్లో బతికే పిల్లల విషయంలో ప్రభుత్వాలు ఏం చేయాలో ప్రత్యేకంగా ఒక పత్రం ప్రకటించింది. పిల్లల్ని ఏరివేయడం, నిర్బంధించడం కూడదని, వాళ్లను హక్కులున్న మనుషులుగా చూడాలని దాని సారం. పిల్లలు మైదానాల అంచున కూర్చుని చెప్పిందీ ఇదే.

చివరి విజిల్. 3-1. టాంజానియా గెలిచింది. నాలుగేళ్ల బాకీ తీరింది. మ్వాంజా పిల్లలు ఒకరి మీద ఒకరు పడి గంతులేస్తున్నారు. బురుండి పిల్లలు కాసేపు గడ్డి మీద కూలబడి, తర్వాత లేచి వచ్చి చేతులు కలిపారు. స్టాండ్లలో జనం లేచి నిలబడ్డారు. రెండు జట్ల కోసమూ.

ఇప్పుడు మన ఊరికి రండి. దేశం నలుమూలలకూ పోయే రైళ్లు కలిసే విజయవాడ స్టేషన్. సికింద్రాబాద్, కాజీపేట. ఇంట్లో దెబ్బలకో, ఆకలికో, సినిమా కలలకో రైలెక్కిన పిల్లలు దిగేది ఇక్కడే. విజయవాడలో నవజీవన్ బాలభవన్ 1989 నుంచి ఇలాంటి పిల్లల కోసం పని చేస్తోంది. మనకు ఫుట్‌బాల్ కొత్తది కాదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కి స్వర్ణం తెచ్చిన కోచ్ రహీం సాబ్ హైదరాబాదీ. మనకు చట్టమూ ఉంది. బాల న్యాయ చట్టం ప్రకారం దిక్కులేకుండా దొరికిన బిడ్డను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. జనన ధ్రువీకరణ పత్రం విలువ మన దగ్గర ఇంకా పెరిగింది. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి అదే రుజువు. అది లేకుండా వీధిలో పెరుగుతున్న పసివాడు పదేళ్ల తర్వాత ఎన్ని తలుపుల ముందు ఆగిపోతాడో ఇప్పుడే ఊహించవచ్చు.

కాబట్టి మున్సిపాలిటీలను అడుగుదాం: ప్రతి పెద్ద స్టేషన్ దగ్గర, ప్రతి బస్తీలో ఈ పిల్లలకు సాయంత్రం ఒక ఆట స్థలం, ఒక కోచ్, ఒక బంతి. ఆటకు వచ్చిన ప్రతి పిల్లవాడి పేరు రాసుకుని, వాడికి జనన పత్రం వచ్చేదాకా వెంటపడే ఒక ఉద్యోగి. ఇదేమీ కోట్లతో పని కాదు. బడుల మైదానాలు సాయంత్రాలు ఖాళీగానే ఉంటున్నాయి, గేట్ల తాళాలు తీస్తే చాలు.

మీరు చేయగలిగింది కూడా ఉంది. ఈసారి ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా తిరుగుతున్న బిడ్డ కనిపిస్తే ముఖం తిప్పుకోకండి. చిల్లర వేసి వెళ్లిపోకండి. పేరు అడగండి. 1098కి ఫోన్ చేయండి. పగలైనా రాత్రైనా పలుకుతారు, పైసా ఖర్చు లేదు. ఆ పిల్లలకు ఆడటం వచ్చు. వాళ్లకు కావాల్సింది తమను ఆటగాళ్లుగా చూసే ఊరు. ఆ ఊరు మనదే కావాలి.